కరెంటు తీగ రాని ఇంటికి సోలార్ అమర్చడం ఎలా

సోలార్ పెట్టిన ఇల్లు మళ్లీ చీకట్లో పడిందంటే, చాలాసార్లు ప్యానెల్ బాగానే ఉంటుంది, చచ్చింది బ్యాటరీయే. అందుకే లెక్క రోజువారీ వాడకంతో మొదలుపెట్టండి.

7 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు మూడు, ఐదేసి గంటలు వెలిగితే 105 వాట్-అవర్లు (వాట్లను గంటలతో గుణిస్తే వచ్చే వాడకం). 25 వాట్ల డీసీ ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే 200. రెండు ఫోన్లకు 20. మొత్తం 325. వైర్లలో, బ్యాటరీలో, ప్యానెల్ వేడిలో కొంత పోతుంది కాబట్టి 0.7తో భాగించండి, సుమారు 465 వస్తుంది. ముసురు పట్టే నెలలో నిండు ఎండ రోజుకు నాలుగు గంటలే దొరుకుతుందనుకుంటే 125 వాట్ల ప్యానెల్ కావాలి. ఎండాకాలం చూసి లెక్కేస్తే వానాకాలంలో దీపం ఆరిపోతుంది.

లెడ్-యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు. ఒకటిన్నర రోజు నిలవాలంటే 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ బ్యాటరీ తీసుకోండి. కారు బ్యాటరీ మాత్రం వద్దు. దాని పలుచని ప్లేట్లు బండి స్టార్ట్ చేయడానికే పనికొస్తాయి. ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య ఉండి ఛార్జింగ్‌ను అదుపు చేసే ఛార్జ్ కంట్రోలర్ 10 ఆంపియర్లది సరిపోతుంది.

ప్యానెల్ నుంచి కంట్రోలర్‌కు పది మీటర్ల దూరముంటే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయండి. బ్యాటరీ పాజిటివ్‌కు జానెడు దూరంలోనే డీసీ ఫ్యూజు ఉండాలి, లేకపోతే షార్టయినప్పుడు వైరే అంటుకుంటుంది. కంట్రోలర్‌కు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్, చివర్న లోడు, అంటే బల్బులు, ఫ్యాను కలపండి. విప్పేటప్పుడు దీనికి తిరగేసి. ముందే ప్యానెల్ తగిలిస్తే 20 వోల్టులు దాటిన కరెంటు నేరుగా కంట్రోలర్ మీద పడుతుంది, అది 12 వోల్టుల బ్యాటరీ అని గుర్తుపట్టలేక పాడవచ్చు. ప్యానెల్ మీద కొమ్మ నీడ కూడా పడనివ్వకండి. ఒక్క సెల్లు మూసుకుపోయినా చాలా కరెంటు పోతుంది.

అసలు ప్రమాదం రాత్రి రెండింటికి. బ్యాటరీ తగ్గి కంట్రోలర్ ఫ్యాను ఆపేస్తుంది, ఉక్కపోతలో పిల్లలు ఏడుస్తారు. ఎవరో ఒకరు వైరు పీకి నేరుగా బ్యాటరీకి తగిలిస్తారు. అలా ఖాళీ అయి రోజుల తరబడి ఉండిపోతే ప్లేట్ల మీద గట్టి సల్ఫేట్ పేరుకుంటుంది, తర్వాత ఎంత ఎండ కాసినా ఛార్జ్ నిలవదు. మందలిస్తే లాభం లేదు. ఆ ఇంటికి ఫ్యాను ఎన్ని గంటలు కావాలో మళ్లీ అడిగి, ప్యానెల్, బ్యాటరీ రెండూ పెంచాలి.

వాడేవాళ్లకు బ్యాటరీ వోల్టులు కొలిచే మల్టీమీటరు పట్టడం నేర్పండి. ఎండ రాకముందు, లోడు తీసేసి కాసేపయ్యాక 12.7 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. అంతకన్నా తగ్గితే ఆ రోజు ఫ్యాను వేయొద్దు. నెలకోసారి మూతలు తీసి చూసి, ఫుల్ ఛార్జ్ అయ్యాక డిస్టిల్డ్ వాటర్ పోయాలి. బోరు నీళ్లు పోస్తే అందులోని లవణాలు ప్లేట్లను తినేస్తాయి.