మూడంతస్తుల ఇంటికి చిన్న పంపు చాలు

బెంగళూరు రామమూర్తినగర్‌లో మా ఇల్లు మూడంతస్తులు. 200 లీటర్ల సోలార్ హీటరు మేడ మీద ఉంది, మా నాన్న స్నానాల గది కింది అంతస్తులో ఉంది. ఆయనకు 78 ఏళ్లు, తెల్లవారుజామున అయిదున్నరకే స్నానం చేస్తారు. కుళాయి తిప్పి ముందు ఒక బకెట్ పెట్టేవారు. ధారలో చూపుడు వేలు ఉంచి నిలబడి, నీళ్లు వెచ్చబడ్డాక రెండో బకెట్ జరిపేవారు. మొదటి బకెట్ చన్నీళ్లు కరివేపాకు చెట్టుకు పోసేవారు. అనంతపురం జిల్లాలో బావి అడుగున ఊరిన నీళ్లు తోడుకుంటూ పెరిగిన మనిషి మరి. మిగిలిన మేము ఆ చన్నీళ్లను మోరీలోకి వదిలేసేవాళ్లం. 2024 మార్చి నీటి ఎద్దడిలో, తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించిన రోజుల్లో, మాకు సిగ్గేసింది.

దీనికి మందు ఉంది. వేడినీటి గొట్టం చివరి కుళాయి దగ్గర నుంచి తిరిగి ట్యాంకుకు ఇంకో సన్న గొట్టం వేసి, దాని మీద సర్క్యులేటర్ పంపు బిగించాలి. చలిదేశాల్లో గదులను వెచ్చబరచడానికి వేడినీటిని గొట్టాల్లో తిప్పేది కూడా ఈ జాతి పంపే. స్నానానికి ముందు కాసేపు నడిపితే గొట్టంలోని చన్నీళ్లు మోరీకి కాక ట్యాంకుకు చేరతాయి.

గొట్టాలు ఒక్క రోజులో వేశారు. పంపు దగ్గరే నేను తప్పు చేశాను. దుకాణంలో, "మూడంతస్తులు కదా సార్, అర హార్స్‌పవర్ ఉండాల్సిందే" అన్నారు. సరేనని తెచ్చాను. ఆ 370 వాట్ల పంపు నిమిషానికి 30 లీటర్లు తోసింది. ముప్పావు అంగుళం గొట్టంలో అంత వేగం వల్ల గోడలో హోరు పుట్టింది. అంతకన్నా పెద్ద నష్టం ట్యాంకులో జరిగింది. సోలార్ ట్యాంకులో వేడినీళ్లు పైన, చల్లనివి కింద పొరలుగా నిలుస్తాయి. ఆ పంపు పది నిమిషాలు నడిస్తే 300 లీటర్లు తిరుగుతాయి, అంటే ట్యాంకు మొత్తాన్ని ఒకటిన్నర సార్లు కలియబెట్టినట్టే. పైన నిలిచిన వేడి అంతా కలిసిపోయి గోరువెచ్చనయింది. నాన్న ఆ వారమంతా గ్యాసు మీద నీళ్లు కాచుకున్నారు.

ఎత్తుకు భయపడి పెద్ద పంపు కొనకండి. బావి గిలకకు రెండు వైపులా రెండు చేదలు కట్టినప్పుడు, దిగే చేద బరువే ఎక్కే చేదను లాగుతుంది. తాడుకూ గిలకకూ మధ్య రాపిడిని మాత్రమే మన చేయి మోయాలి. ట్యాంకు నుంచి దిగి మళ్లీ ట్యాంకుకే చేరే నీళ్లదీ అదే లెక్క. ఇల్లు మూడంతస్తులైనా పది అంతస్తులైనా, పంపు గెలవాల్సింది గొట్టం లోపలి రాపిడినే.

ఆ రాపిడి ఎంతో తెలియాలంటే ముందు గొట్టం పొడవు కొలవండి. ముప్పావు అంగుళం సీపీవీసీ (వేడినీటికి వాడే ప్లాస్టిక్) గొట్టంలో మీటరుకు దాదాపు పావు లీటరు నీళ్లు పడతాయి. మా ట్యాంకు నుంచి నాన్న కుళాయికి 27 మీటర్లు, అంటే ఏడు లీటర్ల లోపు. బకెట్‌తో కొలిస్తే మాత్రం తొమ్మిది లీటర్లు పోయాకే వేడి వచ్చింది, ఎందుకంటే గొట్టం గోడ కూడా వెచ్చబడాలి. నిమిషానికి 4, 5 లీటర్లు తిరిగితే రెండు నిమిషాల్లో పని అవుతుంది. అంత ప్రవాహానికి మా ఇంట్లో వంపులు, వాల్వులు, అర అంగుళం తిరుగు గొట్టం అన్నీ కలిపినా రాపిడి ఒకటిన్నర మీటర్ల హెడ్ (అంటే నీటిని అంత ఎత్తుకు తోసేంత ఒత్తిడి) దాటదు.

పెట్టె మీద రాసే గరిష్ఠ హెడ్, గరిష్ఠ ప్రవాహం రెండూ ఒకేసారి రావు. ఏ ప్రవాహానికి ఎంత హెడ్ వస్తుందో చూపే గ్రాఫు అడగండి. మీకు కావాల్సిన ప్రవాహం దగ్గర హెడ్ ఎంతుందో దాని మీద వేలు పెట్టి చూడండి. గరిష్ఠం 3, 4 మీటర్లున్న అతి చిన్న పంపు కూడా మా అవసరానికి మించినదే. శాశ్వత అయస్కాంతపు మోటారున్నది, వేగం తగ్గించుకోగలిగినది తీసుకోండి. నేను రెండోసారి కొన్నది తక్కువ వేగంలో పది వాట్ల లోపే తీసుకుంటుంది. గదులు వెచ్చబరిచే పంపుల మీద ఈఈఐ అనే అంకె ఉంటుంది, అది ఎంత తక్కువైతే కరెంటు అంత పొదుపు. ఐరోపాలో 2015 ఆగస్టు నుంచి అది 0.23 మించకూడదు. స్నానపు నీటి పంపులకు ఆ పరిమితి లేదు, కాబట్టి వాటి మీద ఆ అంకె లేకపోయినా కంగారు పడకండి. చవకగా దొరికిందని పోత ఇనుము పంపు మాత్రం వద్దు. గదుల గొట్టాల్లో ఏళ్ల తరబడి అవే నీళ్లు తిరుగుతాయి కాబట్టి అక్కడ ఇనుము నిలుస్తుంది. మన ఇంట్లో రోజూ గాలి కలిసిన కొత్త నీళ్లు వస్తాయి, తుప్పు తప్పదు. కంచుదో స్టెయిన్‌లెస్ స్టీలుదో కావాలి.

అన్నిటికన్నా ముఖ్యం, పంపును రోజంతా నడపకూడదు. గొట్టాలకు నురుగు తొడుగు వేసినా మీటరుకు సుమారు పది వాట్ల వేడి పోతుంది. రానూపోనూ 47 మీటర్లకు గంటకు దాదాపు అర యూనిట్, రోజుకు 11 యూనిట్లు. 25 డిగ్రీల నుంచి 60కి కాగిన 200 లీటర్లలో ఉండేదే ఎనిమిది యూనిట్లు! పంపు తాగే కరెంటు ఆదా చేశామని సంతోషిస్తూ, ఎండ ఇచ్చిన వేడినంతా గోడలకు పోయకండి. మూడు నిమిషాలకు తనే ఆగిపోయే టైమర్ స్విచ్చి పెట్టించండి.

బిగించేటప్పుడు ఇరుసు నేలకు సమాంతరంగా ఉండాలి, నిలువుగా ఉంటే బేరింగు నిలవదు. పంపును మేడ మీద కాక కింది అంతస్తులో, తిరుగు గొట్టం మీద పెట్టండి, ఎప్పుడూ నీటి ఒత్తిడి కింద ఉంటుంది. దాని పక్కనే నీళ్లను ఒకే వైపు పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వు తప్పనిసరి. లేకపోతే కుళాయి తిప్పినప్పుడు తిరుగు గొట్టం వెంట ట్యాంకు అడుగు చన్నీళ్లు దిగుతాయి. ఈ పంపు లోపలి భాగాలకు నీళ్లే కందెన కాబట్టి గాలి పూర్తిగా వెళ్లాకే నడపండి. బోరు నీళ్లయితే లోపల సున్నం పేరుకుంటుంది, విప్పి కడగడానికి వీలుగా రెండు వైపులా యూనియన్లు (మరతో విప్పగలిగే జోడింపులు), వాల్వులు వేయించండి. మేడ మీది తొడుగుకు అల్యూమినియం టేపు చుట్టండి, లేకపోతే ఎండకు తొడుగు పొడిపొడిగా రాలిపోతుంది.

మా స్విచ్చిని నాన్న మంచం పక్క గోడకు, కూర్చుని అందుకునే ఎత్తులో పెట్టించాను. లేవగానే నొక్కుతారు. కళ్లద్దాలు పెట్టుకుని తువ్వాలు తీసుకుని వెళ్లేసరికి, మొదటి బకెట్‌లోనే వేడినీళ్లు పడుతున్నాయి.