సర్ఫ్‌బోర్డుకు రెజిన్ పట్టించే ముందు జాగ్రత్తలు

ఫోమ్ చెక్కేటప్పుడు తప్పు జరిగినా సరిదిద్దుకోవచ్చు. దాని మీద పూసే జిగురులాంటి రెజిన్‌లో, గట్టిపరిచే హార్డెనర్ కలిపాక ఆ వీలుండదు. కాబట్టి ఇవన్నీ ముందే చూసుకోండి.

• ఫోమ్ ఏదో తేల్చుకోండి. పూసలు కనిపించే తెల్లటి ఈపీఎస్ (థర్మోకోల్ రకం) ఫోమ్ మీద పాలిస్టర్ రెజిన్ పోస్తే, అందులోని స్టైరీన్ అనే ద్రావకం ఫోమ్‌నే కరిగించేస్తుంది. దానికి ఎపాక్సీ రెజిన్ వాడాలి. పాలియురేతేన్ ఫోమ్‌కు రెండూ పనికొస్తాయి. అనుమానముంటే పారేసే ముక్క మీద ఒక చుక్క వేసి చూడండి.

• సాండింగ్ దుమ్ముకు వేసుకునే మాస్క్ రెజిన్ ఆవిరిని ఆపదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. గడ్డం ఉంటే రెస్పిరేటర్ ముఖానికి సరిగా అతుక్కోదు. ఎపాక్సీకి వాసన తక్కువని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. పదే పదే చర్మానికి తగిలితే అలర్జీ రావచ్చు, ఒకసారి వస్తే ఇక ఈ పనికే దూరం కావాల్సి రావచ్చు. నైట్రైల్ గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి.

• పాలిస్టర్‌లో కలిపే ఎంఈకేపీ హార్డెనర్ అన్నిటికన్నా ప్రమాదం. కంట్లో పడితే చూపే పోవచ్చు. రక్షణ కళ్లద్దాలు పెట్టుకున్నాకే సీసా తెరవండి. కళ్లు కడుక్కోవడానికి నీళ్లు దగ్గరే ఉంచుకోండి. పనిముట్లు కడిగే అసిటోన్‌తో ఎంఈకేపీని కలవనివ్వకండి.

• దగ్గర్లో మంట, నిప్పురవ్వ ఉండకూడదు.

• ఈపీఎస్ బోర్డుకైతే గది వేడెక్కుతున్న వేళ వద్దు. లోపలి గాలి వ్యాకోచించి రెజిన్‌లో బుడగలు లేస్తాయి. చల్లబడుతున్న సాయంత్రం మేలు.

• గ్లాస్ క్లాత్ (ఫైబర్‌గ్లాస్ బట్ట) ముందే కత్తిరించి పరచండి. కలిపిన రెజిన్‌ను కప్పులో ఎక్కువసేపు ఉంచితే వేడెక్కి పొగలొస్తాయి. మిగిలింది వెడల్పాటి ట్రేలో పలచగా పోసి, గట్టిపడి చల్లారాకే పారేయండి.