కొండల నమూనాకు కత్తి పట్టే ముందు

ఆర్డర్ వచ్చిన హుషారులో వెంటనే పని మొదలుపెట్టకండి. ముందు ఇవి చూసుకోండి.

☐ స్కేలు. 1:1,00,000 అంటే వెయ్యి మీటర్ల కొండ పలక మీద ఒక్క సెంటీమీటరే. అరకు లోయను అలాగే చేస్తే అప్పడంలా ఉంటుంది. అందుకే ఎత్తును రెండు మూడు రెట్లు పెంచుతాం. ఎంత పెంచామో కస్టమర్‌కు ముందే చెప్పండి, నమూనా మీదా రాయండి. లేకపోతే "మా గుట్ట ఇంత నిటారుగా ఉండదండీ" అని పేచీ.

☐ ఎత్తుల డేటా. 2000లో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచిన నేల ఎత్తుల డేటా (పేరు ఎస్‌ఆర్‌టీఎం) ఉచితమే. కానీ సుమారు 30 మీటర్లకు ఒక ఎత్తే దొరుకుతుంది, చిన్న బండలు కనిపించవు.

☐ దేశ సరిహద్దు ఉంటే సర్వే ఆఫ్ ఇండియా మ్యాపుతో సరిపోల్చండి. తప్పుగా చూపితే కేసే.

☐ థర్మాకోల్ మీద మామూలు స్ప్రే పెయింట్ కొట్టొద్దు. కొత్తలో నేను కొట్టాను. చూస్తుండగానే శిఖరం బొరియలు పడి కుంగిపోయింది, రెండు రోజుల పని గోవిందా! నీళ్లలో కలిసే రంగే వాడండి, అదీ ముందు చిన్న ముక్క మీద. వేడి తీగతో కోసేటప్పుడు కిటికీలు తెరవండి.

☐ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గట్టిపడుతూ వేడెక్కుతుంది, చేతులు అందులో ఉంచొద్దు. మిగిలింది సింకులో పోస్తే పైపులో రాయవుతుంది.

☐ అడ్వాన్సు చేతికొచ్చిందా?