డిటర్జెంటు నీళ్లు చెరువు జీవులకు ఎంత విషం? 48 గంటల డాఫ్నియా పరీక్ష ఎలా చేయాలి?

నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుంది. హైదరాబాదు ఇళ్లలో బట్టలుతికిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు ఆ దారినే వస్తాయి. మూసీ మీద కత్వలు (చిన్న ఆనకట్టలు) దాటే చోట తెల్లగా పేరుకునే నురగను చూసి అందరం ముక్కు మూసుకుంటాం. నాలుగడుగులు దిగువకు వెళ్లేసరికి నురగ కరిగిపోతుంది, మనమూ మరిచిపోతాం. నురగను పుట్టించిన రసాయనం మాత్రం నీటిలోనే ఉంటుంది. అది ఎంత మోతాదులో ఉంటే ఎంత హాని చేస్తుందో తెలియాలంటే ఆ నీటిలో బతికే జీవినే అడగాలి. ఇక్కడ మనం అడగబోయేది డాఫ్నియా అనే చిన్న నీటిజీవిని.

ఈ రసాయనాలను సర్ఫాక్టెంట్లు అంటారు. ఇవి నీటి తలతన్యతను తగ్గిస్తాయి. వీటి అణువు ఒక కొసతో నీటిని, రెండో కొసతో జిడ్డును పట్టుకుంటుంది. జీవకణాల పొరలు కూడా కొవ్వుతో అల్లినవే. బట్ట మీది జిడ్డుకూ చిన్న జీవి మొప్పల పొరకూ ఆ అణువు తేడా చూడదు. ప్రకృతిలో దొరికేవి ఏ హానీ చేయవని కూడా అనుకోవద్దు. కుంకుడుకాయలో నురగ పుట్టించే సపోనిన్ సర్ఫాక్టెంటే. చేపపిల్లలను వదిలే ముందు చెరువులో పనికిరాని చేపలను చంపడానికి రైతులు ఇప్పచెక్క (ఇప్పగింజల నూనె తీశాక మిగిలే పిండి) వేస్తారు. అక్కడ పనిచేసేదీ సపోనినే.

ఇక్కడ చెప్పే పద్ధతికి ఆధారం ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ అనే దేశాల కూటమి) 202వ నంబరు మార్గదర్శకం. అది 1984లో వచ్చింది, 2004లో సవరించారు. డిగ్రీ కళాశాల జంతుశాస్త్ర ప్రయోగశాలలో ఉండే సామానుతో చాలావరకు చేసుకోవచ్చు.

ముందు గాజు సామాను

జీవుల కంటే ముందు బీకర్ల సంగతి చెప్పడానికి కారణం ఉంది. నా మొదటి పరీక్షలో ఏ రసాయనమూ కలపని బీకర్లలోనే జీవులు చచ్చిపోయాయి. రెండు రోజులు నీటిని అనుమానించాను, మేతను అనుమానించాను. చివరికి తేలిందేమిటంటే, బీకర్లను గిన్నెలు తోమే సబ్బుతోనే కడిగి, రెండుసార్లు తొలిచి పెట్టేశాను. సర్ఫాక్టెంటు గాజును అంటిపెట్టుకుంటుంది. మనం కొలవబోయే విషం మన చేతులతోనే లోపలికి చేరింది. అప్పటినుంచి ఈ పరీక్ష బీకర్ల దగ్గరికి సబ్బును రానివ్వను. వేడినీళ్లతో కడిగి, పలుచని ఆమ్లంతో తొలిచి, స్వేదన జలంతో కనీసం అయిదారుసార్లు కడగండి.

జీవులను పెంచడం

డాఫ్నియా ఒకటి నుంచి అయిదు మిల్లీమీటర్ల పొడవుండే రొయ్యల దూరపు చుట్టం. నాచు తింటుంది, చేపపిల్లలు దాన్ని తింటాయి. అందుకే దానికి దెబ్బ తగిలితే చెరువంతా కదులుతుంది. ప్రపంచమంతా ఎక్కువగా వాడేది డాఫ్నియా మాగ్నా. అది దొరక్కపోతే మన కుంటల్లో తిరిగే దాని చుట్టం మోయినాతో చేయవచ్చు. ఏ జాతితో చేశారో పుస్తకంలో రాయడం మాత్రం మరవద్దు. ఒక జాతి అంకెను ఇంకో జాతికి అంటగట్టకూడదు.

గుడ్లున్న ఒక్క ఆడజీవితో సంతతిని మొదలుపెట్టండి. అనుకూలమైన రోజుల్లో ఇవి మగజీవి అవసరం లేకుండానే పిల్లలను కంటాయి కాబట్టి అన్నీ ఒకే రక్తం. పచ్చనాచు నీళ్లు మేతగా పోయండి. ఒక జీవిని గాజు పలక మీద నీటిచుక్కలో ఉంచి భూతద్దంతో చూడండి. ఒంటిమీది డిప్ప అద్దంలా ఉంటుంది. ఒకే ఒక నల్లని కన్ను, నాచుతో నిండిన పచ్చని పేగు, వీపువైపు టకటకా కొట్టుకునే గుండె, దాని వెనుక సంచిలో గుండ్రటి గుడ్లు కనిపిస్తాయి. గుండె కొట్టుకోవడం ఒక్కసారి చూసినవాళ్లు తర్వాత లెక్కలు అజాగ్రత్తగా రాయరు.

పరీక్షకు కావలసినవి పుట్టి 24 గంటలు దాటని పిల్లలు. ముందురోజు గుడ్లున్న ఆడజీవులను వేరే పాత్రలోకి మార్చండి. మర్నాడు అందులో కనిపించే పిల్లలన్నీ మీకు పనికొస్తాయి. తల్లి మొదటి కాన్పు పిల్లలను మాత్రం వాడవద్దు.

ఏ నీళ్లు?

మన ప్రాంతంలో ఈ ప్రశ్న తేలిక కాదు. తాగునీటిలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టేంతగా బోరు నీళ్లతో బాధపడిన జిల్లా ఇది. బోరు నీటిలో ఫ్లోరైడ్, కఠినత ఊరికో తీరుగా ఉంటాయి. నల్లా నీటిలో క్లోరిన్ ఉంటుంది. నీటి కఠినతను బట్టి కొన్ని డిటర్జెంట్ల విషం కూడా మారుతుంది. అందుకే నీటిని మనమే తయారు చేసుకోవడం మేలు. ఒక లీటరు స్వేదన జలంలో నీటి అణువులు రెండున్న కాల్షియం క్లోరైడ్ 294 మిల్లీగ్రాములు, ఏడున్న మెగ్నీషియం సల్ఫేట్ 123.25, సోడియం బైకార్బనేట్ 64.75, పొటాషియం క్లోరైడ్ 5.75 మిల్లీగ్రాములు కలపండి. కఠినత లీటరుకు దాదాపు 250 మిల్లీగ్రాములు వస్తుంది. గాలి పంపుతో ఒక రాత్రంతా గాలి పట్టించి వాడండి.

ద్రావణాలు కలపడం

మొదటిసారి చేసేవాళ్లు బజారు పొడి కాకుండా శుద్ధమైన సోడియం లారిల్ సల్ఫేట్ అనే సర్ఫాక్టెంటు తీసుకోండి. బట్టల పొడిలో సోడా, సువాసనలు, రంగు కూడా ఉంటాయి. దానితో చేస్తే వచ్చే అంకె ఆ మిశ్రమానిది అవుతుంది. పొడిని తూచేటప్పుడు ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు ఉండాలి.

ఒక గ్రామును లీటరు నీటిలో కరిగిస్తే మూలద్రావణం సిద్ధం. దాన్నుంచి 10 మిల్లీలీటర్లు తీసి లీటరుకు పెంచితే లీటరుకు 10 మిల్లీగ్రాముల ద్రావణం వస్తుంది. ముందు లీటరుకు 0.1, 1, 10, 100 మిల్లీగ్రాముల దగ్గర చిన్న పరీక్ష చేసి, జీవులు ఎక్కడ పడిపోతున్నాయో చూసుకోండి. ఆ పరిధిలో కనీసం అయిదు మోతాదులు పెట్టాలి. ఒక్కొక్కటి ముందుదానికి 2.2 రెట్లు మించకూడదు. 2, 4, 8, 16, 32 అని పెట్టుకుంటే లెక్క సులువు.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. సీసాను కుదిపితే నురగ లేస్తుంది, సర్ఫాక్టెంటు ఆ నురగలోకి ఎక్కిపోతుంది. అప్పుడు పుస్తకంలో 8 అని రాసినా జీవికి తగిలేది అంతకంటే తక్కువ. గాజు కడ్డీతో మెల్లగా తిప్పండి, బీకరు గోడ వెంబడి జారవిడవండి. పైగా ఈ రసాయనాలను బాక్టీరియా రెండు రోజుల్లోనే కొంత తినేయగలదు. వీలుంటే మొదట్లోనూ, 48 గంటల తర్వాతా మిథిలీన్ బ్లూ పద్ధతిలో (రంగు గాఢతను బట్టి సర్ఫాక్టెంటును కొలిచే పద్ధతి) కొలవండి. రెండుసార్లూ రాసిన మోతాదుకు 20 శాతం లోపు తేడాలో ఉంటే ఆ మోతాదునే నమ్మవచ్చు.

ఆ రెండు రోజులు

ఒక్కో మోతాదుకు నాలుగు బీకర్లు, బీకరుకు అయిదు పిల్లలు. రసాయనం లేని నీటితోనూ అలాగే నాలుగు. జీవికి కనీసం 2 మిల్లీలీటర్ల నీరుండాలి, నేను బీకరుకు 50 పోస్తాను. వెడల్పు మూతి పిప్పెట్టుతో తీసి, మూతిని నీటిలో ముంచి వదలండి. పైనుంచి చుక్కలుగా వదిలితే డిప్ప కింద గాలి చేరి జీవి నీటి పైపొరకు అతుక్కుంటుంది. అలా తేలినదాన్ని చచ్చినట్టు లెక్కించే ప్రమాదం ఉంది.

48 గంటలూ మేత పెట్టకూడదు. డాఫ్నియా మాగ్నాకు ఉష్ణోగ్రత 18 నుంచి 22 డిగ్రీల మధ్య నిలకడగా ఉండాలి. ఏసీ గది లేకపోతే నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా డిసెంబరు, జనవరి నెలలను ఎంచుకోండి. ఏప్రిల్‌లో చేస్తే ఎండను కొలిచినట్టవుతుంది.

24 గంటలకు ఒకసారి, 48 గంటలకు ఒకసారి చూడాలి. బీకరును మెల్లగా తిప్పి 15 సెకన్లు లెక్కపెట్టండి. ఆ లోపు ఈదకపోతే ఆ జీవిని కదలనిదిగా రాయాలి. అడుగున పడి మీసాలు ఆడిస్తున్నా సరే, ఈదలేకపోతే అది లెక్కలోకే వస్తుంది. ఆ మీసాలను చూసి ‘బతికే ఉంది కదా’ అని మినహాయించవద్దు. చెరువులో అలా పడిపోయినది చేప నోటికో, బురదకో పోవాల్సిందే.

శుభ్రమైన నీటి బీకర్లలో పదిశాతం కంటే ఎక్కువ పడిపోయినా, చివర్లో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే తగ్గినా ఆ పరీక్ష చెల్లదు. మళ్లీ మొదలుపెట్టాలి. ఎంత శ్రమపడ్డా ఆ అంకెలను ఎవరికీ చూపించకండి.

అంకె తీయడం

సగం జీవులను పడగొట్టే మోతాదును ఈసీ50 అంటారు. ఒక ఊహాలెక్క చూద్దాం. 8 మిల్లీగ్రాముల దగ్గర 20లో 7, అంటే 35 శాతం, 16 దగ్గర 15, అంటే 75 శాతం పడిపోయాయి. సగం ఈ రెండింటి మధ్య ఉంది. మోతాదుల లాగరిథమ్‌లు 0.903, 1.204. శాతాల దూరం 40లో మనకు కావలసింది 15, అంటే 0.375 వంతు. 0.903కు 0.113 కలిపితే 1.016. దాన్ని తిరిగి మోతాదుగా మారిస్తే లీటరుకు దాదాపు 10.4 మిల్లీగ్రాములు. ప్రాబిట్ అనే గణాంక పద్ధతిలో చేస్తే దాని చుట్టూ ఉండే అనిశ్చితి కూడా తెలుస్తుంది.

ఆ అనిశ్చితి ఇక్కడ చాలా ముఖ్యం. నీటి జీవులకు రసాయనాలు ఎంత విషమో చెప్పే అంతర్జాతీయ వర్గీకరణలో ఈసీ50 లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉంటే మొదటి తరగతి (అన్నిటికంటే ఎక్కువ విషం), 10 వరకు రెండోది, 100 వరకు మూడోది. మన 10.4 రెండో తరగతి గడప మీదే ఉంది. ఒక్క అంకెను పట్టుకుని ‘ఇది మూడో తరగతే’ అని ప్రకటించడం సరికాదు. మరో రెండుసార్లు చేయండి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ఆనయానిక్ (రుణావేశమున్న) డిటర్జెంట్లకు పెట్టిన ఆమోదయోగ్యమైన పరిమితి లీటరుకు 0.2 మిల్లీగ్రాములు. ఊరి చెరువు నీటిలో కొలిచిన మోతాదును మీ ఈసీ50 పక్కన పెట్టి చూసేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. ఇది రెండు రోజుల దెబ్బ మాత్రమే. నెలల తరబడి కొద్దికొద్దిగా తగిలితే పిల్లలు పుట్టడం తగ్గుతుందా అన్నది తెలియాలంటే 21 రోజుల వేరే పరీక్ష ఉంది.

పరీక్ష అయ్యాక ద్రావణాలను సెప్టిక్ ట్యాంకుకు వెళ్లే సింకులో ఎక్కువ నీళ్లతో పోయండి, వాననీటి కాలువలో వద్దు. మిగిలిన డాఫ్నియా మాగ్నాను జాలిపడి చెరువులో వదలవద్దు. బయటినుంచి తెచ్చిన జాతి అది. వాటిని వేడినీటిలో వేసి, ఆ తర్వాతే పారబోయండి.