వీడియో పక్కన పెట్టి ఫోటో, ఆడియో పంపాను

కరోనాతో బడులు మూతపడ్డప్పుడు, 2020 సెప్టెంబర్ 1 నుంచి మా తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ టీవీ ఛానళ్లలో పాఠాలొచ్చేవి కదా, ఆ డౌట్లు తీర్చడానికి నేను టెన్త్ పిల్లలకి 40 నిమిషాల వీడియోలు చేసి లింకులు పంపేదాన్ని, ఎవరూ పూర్తిగా చూసేవాళ్లు కాదు. చాలా బాధేసింది. ఒక పాపని అడిగితే తెలిసింది, ఫోన్ పొద్దున్నే వాళ్ల నాన్నతో పొలం పోతుంది, రాత్రి చేతికొచ్చేసరికి డేటా ఉండదు.

అందుకే పుటాకార దర్పణం (లోపలికి వంగిన అద్దం) బొమ్మ కాగితం మీద గీసి, ఒక్కో కిరణానికి నంబరేసి ఫోటో తీశా. దాంతో 6 నిమిషాల ఆడియో, మోనోలో (ఒకే ఛానల్ శబ్దం) 32 కేబీపీఎస్‌కి, అంటే తక్కువ క్వాలిటీకి తగ్గిస్తే ఒకటిన్నర ఎంబీ లోపే వచ్చింది. "ఇప్పుడు రెండో గీత మీద వేలు పెట్టమ్మా, అది నాభి (అద్దం ముందు కిరణాలు కలిసే చోటు) గుండా పోతుంది" అని చెప్పుకుంటూ పోయా. మర్నాడు పొద్దున ఆ పాప తను గీసిన బొమ్మ పంపింది, బాణం గుర్తులతో సహా అన్నీ కరెక్టే.