రాత్రి వంట, పంటు దిగాక

నేను నర్సాపురంలో ఒక మందుల షాపులో లెక్కలు రాస్తాను. ఇల్లు గోదావరి ఇవతల, సఖినేటిపల్లిలో. మధ్యలో వశిష్ఠ, గోదావరి పాయ. రోజూ సాయంత్రం పంటు, అంటే ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కి ఒక జిల్లాలోంచి ఇంకో జిల్లాలోకి వచ్చి దిగుతాను. మా కోనసీమ చలి గురించి చెబితే ఆదిలాబాదు వాళ్ళు నవ్వుతారు, నాకు తెలుసు. రాత్రి 18 డిగ్రీలకి దిగితే చాలు, మేం మంకీ క్యాపులు బయటికి తీస్తాం. కానీ ధనుర్మాసంలో ఏటి మధ్యకి వచ్చాక ఆ తేమగాలి చెవుల్లో దూరుతుంటే ఒకటే ధ్యాస, వేడన్నం.

మా ఆవిడ నర్సు. నెలలో రెండు వారాలు నైట్ డ్యూటీ. ఆ రెండు వారాలూ రాత్రి వంట నాది. తినేవాళ్ళం ముగ్గురం: నేను, ఎనభై దాటిన మా నాన్నగారు, టెన్త్ చదువుతున్న మా అబ్బాయి. మొదట్లో ఇంటికి రాగానే కుక్కర్‌లో అన్నం పడేసేవాణ్ణి. చారూ కూరా అయ్యేసరికి అన్నం చల్లారి బిర్రబిగుసుకుపోయేది. ఒకరోజు నాన్నగారు ఓ ముద్ద కలుపుకుని, "ఒరే, ఇది ఇప్పుడొండిందా, పొద్దుటిదా?" అన్నారు. అప్పట్నుంచి వరస తిరగేశాను. ముందు చారు, తర్వాత కూర, ఆఖర్న అన్నం.

అన్నిటికన్నా ముందు పెరుగు సంగతి చెప్పాలి, అది పొద్దున్నే మొదలవ్వాలి కాబట్టి. ఎండాకాలంలో పాలు గోరువెచ్చగా ఉంటే చాలు. చలికాలంలో అలా తోడేస్తే సాయంత్రానికి కూడా పాలు పాలలాగే ఉంటాయి. వేలు ముంచి ఐదు లెక్కపెట్టేసరికి ఇక చాలనిపించేంత వేడి ఉండాలి. అరలీటరుకి మామూలుగా ఒక చెంచా తోడు వేస్తే ఇప్పుడు రెండు వేయండి. మూత పెట్టి, గిన్నెని బియ్యం డబ్బాలో మెడ దాకా పాతేయండి. బియ్యం వేడిని పట్టి ఉంచుతాయి. నేను పొద్దున్న ఎనిమిదింటికి పాతి వెళ్తే, వచ్చేసరికి పెరుగు గట్టిగా తోడుకుని ఉంటుంది.

ఇప్పుడు చారు. ఇది ముందు అవ్వడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఏడున్నరకి మా ఆవిడ స్కూటీ తీస్తుంది, ఫ్లాస్కులో చారు పోసి ఇవ్వాలి. నేను ఇల్లు చేరేది ఏడింటికి. ఆ అరగంటలో అయ్యేది మిరియాల చారే. చిన్న నిమ్మకాయంత చింతపండుని వేడినీళ్ళలో పడేసి, ఈలోగా కాళ్ళు కడుక్కుని రండి. పులుసు పిండి లీటరు నీళ్ళు కలిపి, ఒక టమాటా చేత్తోనే చిదిమి, పసుపు, ఉప్పు, కాస్త బెల్లం వేసి పొయ్యి మీద పెట్టండి. అది పది నిమిషాలు మరగాలి, పచ్చి వాసన పోయేదాకా. మరుగుతుండగా చిన్న రోట్లో చెంచా మిరియాలు, చెంచా జీలకర్ర, ఆరు వెల్లుల్లి రెబ్బలు పొట్టుతోనే వేసి కచ్చాపచ్చాగా దంచండి. మెత్తగా పొడి చేస్తే చారు బురదలా అయిపోతుంది. మిరియం నాలుగు ముక్కలైతే చాలు.

దంచింది ముందే వేసి గంటసేపు మరిగిస్తే ఘాటు గొంతులో మిగులుతుంది గానీ ఆ వాసన వంటింట్లోనే పోతుంది. అందుకని ఆఖర్న వేయాలి. వేసిన రెండు నిమిషాలకి గిన్నె అంచుల దగ్గర నురగ లేచి మధ్యలోకి వస్తుంది. అలా కమ్ముకుంటుండగానే స్టవ్ కట్టేయండి. నేతిలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు. నెయ్యి గడ్డ కట్టేసి చెంచా దిగడం లేదని పోపు నూనెలో కానిచ్చేయకండి, ఈ చారుకి నెయ్యే అందం.

కూరల్లో చలికాలం నాకు ఎక్కువ ఇష్టం కంద బచ్చలి. ఎక్కువ తిప్పలు పెట్టిందీ అదే. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత. కత్తిపీట సంగతి ఏమో గానీ, మొదటిసారి తరిగినప్పుడు నా రెండు చేతులూ మోచేతుల దాకా దురదెక్కాయి. కందలో సూదుల్లాంటి సన్నటి స్ఫటికాలు ఉంటాయి, కాల్షియం ఆక్సలేట్. తడి చేత్తో ముట్టుకుంటే మరీ ఎక్కువ. చేతులకి నూనె రాసుకుని, కందని కడగకుండానే చెక్కు తీసి ముక్కలు కోసి, ఆ తర్వాత నీళ్ళలో వేయండి. అరకిలో కందకి రెండు చిన్న కట్టల బచ్చలి. ముక్కలు, తరిగిన ఆకు, పసుపు, గ్లాసు నీళ్ళు, కుక్కర్‌లో మూడు కూతలు. చింతపండు మాత్రం అప్పుడే వేయకండి. పులుపు పడితే కంద సరిగ్గా మెత్తబడదు, ముక్క గట్టిగానే మిగులుతుంది. మెత్తబడ్డాక గరిటెతో సగం మెదిపి, సగం ముక్కల్లాగే వదిలి, చిక్కటి చింతపండు పులుసు, ఉప్పు వేసి బాగా దగ్గరయ్యేదాకా ఉడికించండి. పులుపు తక్కువైతే గొంతు గీరుతుంది. ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువతో పోపు పెట్టి దించేయండి. ఆవ పెట్టేది ఇప్పుడు. చెంచాన్నర ఆవాలు, రెండు పచ్చిమిర్చి, చిటికెడు ఉప్పు కాసిని నీళ్ళు చల్లి ముద్దగా నూరి, కూర గిన్నె మీద చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక కలపాలి. పొయ్యి మీద ఉండగా కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. కలిపిన పావుగంటకి ఆవ ముక్కులోకి ఎక్కడం మొదలవుతుంది. ఆ పావుగంటే నాకు అన్నం వండుకునే టైము. వేడన్నంలో కాస్త నూనె వేసుకుని ఈ కూర కలుపుకుంటే రొంప పట్టిన ముక్కు ఠక్కున తెరుచుకుంటుంది.

అంత ఓపిక లేని రోజు ఎండు మెత్తళ్ళు, అంటే చిన్న ఎండుచేపలు. తలలు తుంచి, ఖాళీ మూకుట్లో వేయించి, వేడినీళ్ళలో రెండుసార్లు కడగండి, ఇసక అడుగుకి దిగిపోతుంది. వంకాయ, ఉల్లిపాయ, పచ్చిమిర్చి మగ్గాక వేసి ఐదు నిమిషాలు. ఉప్పు ఆఖర్న, రుచి చూసి. పక్కింటివాళ్ళకి మీరేం వండారో తెలిసిపోతుంది, దానికి మందు లేదు.

శనివారం రాత్రి నాన్నగారు అన్నం తినరు, ఫలహారమే. అంటే మా ఇంట్లో దిబ్బరొట్టె. ఇడ్లీ పిండి చలికి పులవలేదని మా ఆవిడ టెన్షన్ పడుతుంటుంది గానీ, దిబ్బరొట్టెకి ఆ బాధ లేదు, పిండి పెద్దగా పులవక్కర్లేదు. గ్లాసు మినప్పప్పు నాలుగు గంటలు నానాలి. రెండు గ్లాసుల బియ్యపు రవ్వ విడిగా నానబెట్టి, నీళ్ళు గట్టిగా పిండేసి, రుబ్బిన పిండిలో ఉప్పు, జీలకర్రతో పాటు కలపండి. గరిటె నిలబెడితే నిదానంగా వాలాలి. గారెల పిండి కన్నా కొంచెం వదులు, అంతే.

మొదటి రొట్టె నేను పెద్ద మంట మీద పెట్టాను. పైకి చూస్తే బ్రహ్మాండంగా ఉంది. కోస్తే అడుగు బొగ్గు, మధ్యలో పచ్చిపిండి. మా అబ్బాయి దాన్ని ఫోటో తీసి వాళ్ళ అమ్మకి పంపించాడు. దీనికి అడుగు మందంగా ఉన్న ఇనప మూకుడు కావాలి. నాలుగు చెంచాల నూనె వేసి, అది కాగాక పిండి రెండంగుళాల మందాన పోసి, వెంటనే మంట బాగా తగ్గించేసి మూత పెట్టండి. మా అమ్మ ఉన్నప్పుడు మూత మీద నిప్పులు పోసేది, పైనా కిందా ఒకేసారి కాలేది. గ్యాసు మీద ఆ వీలు లేదు కాబట్టి తిరగేయాలి. ఇరవై నిమిషాల దాకా మూత తీయకండి. వాసనే చెబుతుంది, పచ్చిపిండి వాసన పోయి వేయించిన మినప్పప్పు వాసన వస్తుంది. అప్పుడు పుల్ల గుచ్చి చూసి, తడి అంటకపోతే తిరగేసి ఇంకో పది నిమిషాలు. నాన్నగారికి చెరుకు పానకంతో, మా అబ్బాయికి అల్లప్పచ్చడితో. ఆ అంచు కరకర ఎవరికి దక్కాలన్నది మా ఇంట్లో ప్రతివారం గొడవే.

నాన్నగారికి పళ్ళు నొప్పిగా ఉన్న రోజున అన్నీ మానేసి పులగం చేస్తాను. గ్లాసు బియ్యం, అరగ్లాసు పెసరపప్పు దోరగా వేయించినది, ఐదు గ్లాసుల నీళ్ళు, అల్లం, మిరియాలు, జీలకర్ర. నాలుగు కూతలు. పప్పు వేయించకపోతే జిగురొస్తుంది. పక్కన నిమ్మకాయ ఊరగాయ ఉంటే ఇంకేం అక్కర్లేదు.

అన్నం దగ్గరికి వద్దాం. కూర దించాకే కడిగిన బియ్యం పొయ్యెక్కాలి. నెయ్యి గిన్నెని గంజి వార్చాక మూత మీద పెడితే అదే కరుగుతుంది, వేరే కాచక్కర్లేదు. మేం ఇప్పటికీ గంజి వారుస్తాం. ఆ గంజి పారబోయను, మూడు స్టీలు కంచాల్లో కొద్దికొద్దిగా పోసి నిమిషం ఉంచి ఒంపేస్తాను. కంచం వేడెక్కుతుంది. చల్లటి స్టీలు కంచంలో వేడన్నం పెడితే మూడో ముద్దకే చల్లారిపోతుంది కదా. ఒంపిన గంజి పెరట్లో ఆవు కుడితిలోకి పోతుంది.

ఇక ఫ్లాస్కు. ముందు మరిగే నీళ్ళు పోసి పది నిమిషాలు వదిలేసి, పారబోసి, అప్పుడు చారు పోయాలి. లేకపోతే సగం వేడి ఫ్లాస్కే తాగేస్తుంది. చారుని టీ వడపోసుకునే జల్లెడలో వడకట్టండి, కరివేపాకు మూతికి అడ్డం పడకుండా. నిండా పోయండి, పైన ఖాళీ ఉంటే తొందరగా చల్లారుతుంది. మా ఆవిడ రాత్రి రెండింటికి వార్డు రౌండు అయ్యాక స్టీలు గ్లాసులో పోసుకుని తాగుతుందట. పోయినవారం పొద్దున్న వచ్చి, హెల్మెట్ తీస్తూనే, "ఏవండీ, రేపట్నుంచి ఇంకో గ్లాసు ఎక్కువ పోయండి, పక్క డ్యూటీ అమ్మాయి కూడా అడుగుతోంది" అంది. ఇప్పుడు లీటరున్నర పెడుతున్నాను, మిరియాలు చెంచాన్నర.