క్రిమినల్ రిట్ కొట్టేస్తే అదే హైకోర్టులో అప్పీలు వేయవచ్చా?

ఎఫ్‌ఐఆర్ కొట్టివేయాలని రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేశారు. సింగిల్ జడ్జి తోసిపుచ్చారు. చాలామందికి వెంటనే తట్టేది డివిజన్ బెంచికి, అంటే అదే హైకోర్టులో ఇద్దరు జడ్జీల ధర్మాసనానికి, రిట్ అప్పీలు. ఇక్కడే పొరపాటు జరుగుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టుల్లో రిట్ అప్పీలుకు ఆధారం మద్రాసు హైకోర్టు నుంచి వారసత్వంగా వచ్చిన 1865 నాటి లెటర్స్ పేటెంట్ (హైకోర్టు అధికారాలను నిర్దేశించిన నాటి రాజశాసనం), 15వ క్లాజు. క్రిమినల్ అధికార పరిధిలో ఇచ్చిన ఉత్తర్వులను ఆ క్లాజే మినహాయించింది. కింది కోర్టులపై హైకోర్టుకు పర్యవేక్షణ అధికారం ఇచ్చే 227వ అధికరణ కింద ఇచ్చిన ఉత్తర్వుల మీదా ఈ అప్పీలు ఉండదు.

రిట్ అనేది రాజ్యాంగం ఇచ్చిన హక్కు కదా, అది క్రిమినల్ ఎలా అవుతుందని అడగవచ్చు. రామ్ కిషన్ ఫౌజీ కేసులో 2017లో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. హర్యానా లోకాయుక్త సిఫారసుతో నమోదైన అవినీతి కేసును సింగిల్ జడ్జి రద్దు చేస్తే, ప్రభుత్వం డివిజన్ బెంచికి అప్పీలు వేసింది. ఆ అప్పీలే చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. ఏ అధికరణ కింద వేశారన్నది కాదు, ఏ వ్యవహారం మీద వేశారన్నదే ముఖ్యం.

అందుకే పిటిషన్ మీద రాసిన పేరును పక్కనబెట్టి, చివర్లో ఏం కోరారో ఆ పేరా చదవండి. ఎఫ్‌ఐఆర్ రద్దు, దర్యాప్తు నిలుపుదల అని ఉంటే రిట్ అప్పీలు దారి మూసుకున్నట్టే. క్రిమినల్ కేసు ఉందన్న కారణంతో ఉద్యోగం నుంచి సస్పెండ్ చేసినందుకు వేసిన రిట్ మాత్రం సర్వీసు వ్యవహారం. దానికి 30 రోజుల్లో రిట్ అప్పీలు వేసుకోవచ్చు. అక్రమ నిర్బంధంలో ఉన్న వ్యక్తిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే హెబియస్ కార్పస్‌లో ఈ చర్చే రాదు, మన రెండు హైకోర్టుల్లో దాన్ని మొదటే డివిజన్ బెంచి వింటుంది. ఇతర రాష్ట్రాల లెక్కను మనకు అన్వయించకండి: కేరళలో ఈ అప్పీళ్లు 1958 నాటి హైకోర్టు చట్టం మీద నడుస్తాయి.

మిగిలిన దారి 136వ అధికరణ కింద సుప్రీంకోర్టులో ప్రత్యేక అనుమతి పిటిషన్, అంటే ఎస్‌ఎల్‌పీ. గడువు మామూలుగా 90 రోజులు. తీర్పు వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. కాపీ మీద దరఖాస్తు చేసిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ ముద్రవేసి ఉంటాయి. కాపీ తయారీకి పట్టిన కాలాన్ని గడువు నుంచి మినహాయించేది ఆ తేదీలను బట్టే. కాపీ అందాక జిరాక్స్ తీసి, అసలును భద్రంగా ఉంచుకోండి.

పిటిషన్‌ను మీరే స్వయంగా వేసుకుంటే తప్ప, అడ్వొకేట్ ఆన్ రికార్డ్ (సుప్రీంకోర్టులో కేసులు దాఖలు చేసే అర్హత ఉన్న లాయరు) ద్వారానే దాఖలు చేయాలి. ఊళ్లో మీ వకీలు ఎంత సమర్థుడైనా అక్కడ సంతకం ఆయనది చెల్లదు. వకాలత్, అఫిడవిట్, కింది కోర్టుల కాగితాలు, తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లిష్ అనువాదాలు సిద్ధం చేసుకోవాలి. క్రిమినల్ వ్యవహారాల్లో కోర్టు ఫీజు లేదు. పిటిషన్ వేసినంత మాత్రాన దర్యాప్తు ఆగదు, స్టే కోసం వేరే దరఖాస్తు జతచేయాలి.

ఇప్పటికే పొరపాటున రిట్ అప్పీలు వేసి నెలలు గడిచి ఉంటే, ఆ తేదీలన్నీ వరుసగా రాసి ఆలస్యం మన్నించమని కోరాలి. మన్నించడం కోర్టు విచక్షణ. లాయరు ఖర్చు భరించలేనివారు సుప్రీంకోర్టు న్యాయసేవల కమిటీని ఆశ్రయించవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేదు. వివరాలకు 15100కి ఫోను చేయండి.